మిరియం పోయింది, జున్ను దక్కింది: పాన్‌ల్యూకోపీనియాతో మా పదమూడు రోజులు

పాన్‌ల్యూకోపీనియా అంటే పిల్లుల ప్రాణం తీసే ఒక వైరస్ జబ్బు. మా రెండు పిల్లి పిల్లలకీ అది వచ్చింది, ఫిబ్రవరి 9 సాయంత్రం నుంచి 21 మధ్యాహ్నం దాకా మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తారీఖులు, టెంపరేచర్లు, ఖర్చులు అన్నీ ఆ రోజుల్లో మందుల చీటీల వెనక రాసుకున్నవే. ఇంట్లో పిల్లి పిల్లలున్నవాళ్ళు, ముఖ్యంగా ఇంకా టీకా వేయించనివాళ్ళు, పొడుగ్గా ఉన్నా ఓపిక చేసుకుని చదవండి. ఆ ఆదివారం రాత్రికి నాకు ఇందులో సగం తెలిసున్నా మిరియం ఇప్పుడు నా పక్కన ఉండేదేమో.

మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటాం, అమ్మా నేనూ. మా వీధి చివర ఇస్త్రీ బండి కింద ఒక పిల్లి ఈనింది. జనవరి 24న ఆ తల్లి లారీ కింద పడింది. ఇస్త్రీ ఆయన నన్ను పిలిచి, "తీసుకుపోండమ్మా, ఈ రాత్రికి కుక్కలు లాక్కుపోతాయి" అని రెండు పిల్లల్నీ అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. నల్లది మిరియం, మీగడ రంగుది జున్ను. రెండు నెలలుంటాయి, ఒక్కోటి ముప్పావు కిలోకి కాస్త తక్కువ. మొదట నట్టల మందు వేసి, పది రోజులాగి టీకా వేద్దామని డాక్టరు అన్నారు. ఫిబ్రవరి 1న నట్టల మందు పడింది, టీకాకి 12వ తేదీ రమ్మన్నారు. ఆ 12వ తేదీనే మేం వేరే పని మీద వెళ్ళాల్సొచ్చింది.

మధ్యలో ఒకటి జరిగింది. 3వ తేదీ పొద్దున మా సందులో తిరిగే గండుపిల్లి కాలవ పక్కన చచ్చి పడుంది. ఎవరో ఎలకల మందు పెట్టారని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నా. చెత్తబండిలో పడెయ్యడం మనసొప్పక గోనెసంచిలో చుట్టి, పక్క ఖాళీ స్థలంలో నేనే పాతిపెట్టాను. చేతులు, కాళ్ళు సబ్బుతో కడుక్కున్నా గానీ చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే విడిచాను. ఆ చెప్పుల పట్టీలు కొరకడమంటే మిరియానికి మహా సరదా.

9వ తేదీ ఆదివారం. అమ్మ బొచ్చె చేప కడుగుతుంటే ఇద్దరూ కాళ్ళకి చుట్టుకుని తిరగాలి మామూలుగా. జున్ను ఒక్కతే వచ్చింది. మిరియం గ్యాస్ సిలిండర్ వెనక దూరి పడుకుంది. ముక్క తీసుకెళ్ళి మూతి దగ్గర పెడితే తల తిప్పేసుకుంది. పొద్దున ఎక్కువ తినుంటుందిలే అనుకున్నాం.

10వ తేదీ తెల్లవారుజామున ఐదున్నరకి వాంతి చప్పుడుకి మెలకువొచ్చింది. పచ్చగా, సబ్బు నురగలాగా. నట్టల మందు వేడి చేసుంటుందని అమ్మ మజ్జిగ తేట పెట్టింది, అది ముట్టుకోలేదు. తర్వాత అది చేసిన పని నేను ఎప్పటికీ మర్చిపోలేను. మెల్లగా నడిచి నీళ్ళ గిన్నె దగ్గరికి వెళ్ళింది. ముందు కాళ్ళు రెండూ లోపలికి ముడుచుకుని, వీపు గూనిలా చేసి, గిన్నె అంచు మీద గడ్డం ఆనించి కూర్చుంది. తాగడం లేదు, లేవడం లేదు, అలాగే నీళ్ళలోకి చూస్తోంది. మీసాల చివర్లు నీళ్ళలో మునిగాయి, అయినా కదల్లేదు. పది నిమిషాలు చూశాను. దాహం వేస్తోందిలే, తాగుతుందిలే అనుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాను. నాది అకౌంట్స్ ఉద్యోగం, 11వ తేదీ లోపు జీఎస్‌టీ రిటర్నులు వెయ్యాలి, ఆ రోజు సెలవడిగే ధైర్యం లేదు. ఈ జబ్బులో పిల్లులు ఇలా కూర్చుంటాయని, దాహమేస్తున్నా కడుపులో తిప్పడం వల్ల తాగలేవని డాక్టరమ్మ రెండు రోజుల తర్వాత చెప్పారు.

రాత్రి ఎనిమిదికి ఇంటికొచ్చేసరికి చెవులు కాలిపోతున్నాయి. కింద పోర్షన్ ఆంటీ వాళ్ళ మనవడి జ్వరం సిరప్ తెచ్చి ఇచ్చారు, పాపం మంచి మనసుతోనే. మెడికల్ షాపు అబ్బాయి కూడా నాలుగు చుక్కలు వెయ్యొచ్చన్నాడు. డ్రాపర్‌లోకి తీశాను కూడా. అప్పుడే ఆఫీసులో పిల్లులు పెంచే ఒకమ్మాయికి ఫోన్ చేస్తే గట్టిగా అరిచింది: "అది పారాసెటమాల్! పిల్లులకి విషం, వెయ్యొద్దు!" పిల్లి లివరు దాన్ని అరిగించుకోలేదట, రక్తం చెడిపోయి గంటల్లో చచ్చిపోతుందట. సిరప్ సీసా ఆంటీకి తిరిగిచ్చేటప్పుడు నా చేతులు వణుకుతున్నాయి.

11వ తేదీ పొద్దున మొదటి క్లినిక్‌కి తీసుకెళ్ళాను. జ్వరం 104.8. పిల్లులకి 100.5 నుంచి 102.5 దాకా మామూలే, అంతకు మించితే జ్వరం. తిండి పడలేదన్నారు, రెండు ఇంజెక్షన్లు చేసి పంపించారు, 600 రూపాయలు. టీకా ఇంకా పడలేదని నేను చెప్పాను. రక్త పరీక్ష మాట వాళ్ళెత్తలేదు, నేనూ అడగలేదు. అడగాల్సింది. టీకా లేని పిల్లపిల్లి, జ్వరం, వాంతులు, తిండి మానేయడం ఒకేసారి కనిపిస్తే "పాన్‌ల్యూకోపీనియా పరీక్ష చేస్తారా" అని మనమే నోరు తెరిచి అడగాలి. నాకప్పటికి ఆ పేరే తెలీదు.

ఆ సాయంత్రం ఒక గంట హుషారుగా కనిపించింది. రాత్రి పదకొండు తర్వాత విరేచనాలు మొదలయ్యాయి. నీళ్ళలా, ఎర్ర జీరలతో. ఆ వాసన మామూలు విరేచనాల వాసన కాదు, ఎలా చెప్పాలో తెలీదు, చెడిన మాంసం వాసన. నాలుగుసార్లు పాత లుంగీ గుడ్డలతో తుడిచాను. తెల్లారి ఒళ్ళు చల్లగా తగిలితే జ్వరం తగ్గిందని సంతోషపడ్డాను.

12న రెండో క్లినిక్, బెంజి సర్కిల్ వైపు. అక్కడ డాక్టరమ్మ మా బుట్ట కింద పెట్టనివ్వలేదు. లక్షణాలు గుమ్మంలోనే విని, వేరే గదిలో బల్ల మీద పేపర్లు పరిచి అక్కడ పెట్టించారు. జ్వరం తగ్గిందని నేను చెప్తుంటే థర్మామీటర్ చూసి ఒక క్షణం మాట్లాడలేదు. 97.4. "ఇది తగ్గడం కాదమ్మా, పడిపోవడం" అన్నారు.

పరీక్ష ఎంత చిన్నదంటే నమ్మలేరు. దూదిపుల్లతో మలం కొంచెం తీసి ఒక ద్రావణంలో కలిపి, ప్రెగ్నెన్సీ కిట్‌లా ఉండే స్ట్రిప్ మీద చుక్కలు వేశారు. అది కుక్కలకి వచ్చే పార్వో వైరస్‌ని పట్టే కిట్టే. రెండు వైరస్‌లూ దగ్గర చుట్టాలు కాబట్టి దీనికీ పనికొస్తుందట. పది నిమిషాల్లో రెండు గీతలొచ్చాయి. రక్తం తీసి ఊదా మూత గొట్టంలో పోసి, మనుషుల ల్యాబ్‌కి తీసుకెళ్ళమన్నారు. మొదటి ల్యాబ్‌వాళ్ళు "పిల్లి రక్తమా, మేం చెయ్యం" అన్నారు. రెండో ల్యాబ్ కుర్రాడు చేశాడు. 300 రూపాయలు. రిపోర్టులో పేషెంటు పేరు మిరియం, వయసు రెండు నెలలు అని కొట్టి ఉంది. పక్కనున్న నార్మల్ అంకెలు మనుషులవి, వాటిని పట్టించుకోకండి. పిల్లికి తెల్ల రక్తకణాలు సుమారుగా 5,500 నుంచి 19,500 దాకా ఉండాలి. మిరియానికి 600.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఈ వైరస్ ఒంట్లో వేగంగా పుట్టే కణాల మీద పడుతుంది, అంటే పేగుల లోపలి పొర, ఎముకల్లో మూలుగ. పేగు పొర ఊడిపోతుంది, తెల్ల కణాలు తయారవడం ఆగిపోతుంది. పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి వచ్చేస్తుంది, అడ్డుకోవడానికి ఒంట్లో సైన్యం ఉండదు. వైరస్‌ని చంపే మందంటూ చేతిలో లేదు. ఒళ్ళు తిరిగి కణాలు తయారు చేసుకునేదాకా నీళ్ళు, చక్కెర, వేడి, యాంటీబయాటిక్, వాంతుల మందు ఇచ్చి ప్రాణం నిలబెట్టడమే వైద్యం. మొదటి ఐదు రోజులు గట్టెక్కితే చాలావరకు బతుకుతాయన్నారు. మిరియానికి అప్పటికే మూడు రోజులు వృథా అయ్యాయి.

రాత్రి తొమ్మిదికి క్లినిక్ మూసేస్తారు. కాలికి సెలైన్ ఎక్కించే సన్న గొట్టం (క్యాన్యులా) అలాగే ఉంచి, వేడినీళ్ళ సీసాలు తువ్వాలులో చుట్టి పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం. 13వ తేదీ తెల్లవారుజామున మూడూ పదికి నా ఒళ్ళోనే పోయింది. అమ్మ ఏడుస్తుంటే చూడటం నాన్న పోయినప్పటి తర్వాత అదే మొదటిసారి. డాక్టరమ్మ చెప్పినట్టే లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. చెత్తకుండీలో వెయ్యకండి దయచేసి, ఇంకో పిల్లి వచ్చి వాసన చూస్తుంది.

గండుపిల్లి సంగతి చెప్పినప్పుడు డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. వీధి పిల్లులు హఠాత్తుగా చస్తే జనం మందు పెట్టారనే అనుకుంటారని, అందులో చాలా ఇదే జబ్బని మాత్రం అన్నారు. వైరస్ లోపలికి పోయిన రెండు నుంచి పది రోజుల్లో బయటపడుతుందట. 3న చెప్పులతో వచ్చాను, 9న మిరియం పడుకుంది. వేలు మడిచి లెక్కపెట్టుకున్నాను, ఆరు రోజులు.

జున్నుకి వెంటనే టీకా వెయ్యండని నేను బతిమాలాను. "ఈపాటికే లోపలికి పోయుంటుందమ్మా. ముందు రెండు వారాలు కనిపెట్టి చూద్దాం. ఒక్క పూట తిండి మానినా ఎన్నింటికైనా ఫోన్ చెయ్" అన్నారు. 150 రూపాయల డిజిటల్ థర్మామీటర్ కొన్నాను. చివరకి వాజలైన్ రాసి వెనక నుంచి పెట్టి చూడాలి, అమ్మ టవల్‌లో చుట్టి పట్టుకునేది, పూటకోసారి. 13, 14 తేదీల్లో 101.6, 101.9, 101.4. ప్రతిసారీ ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

15వ తేదీ శనివారం పొద్దున ఆరుకి గిన్నెలో సగం వదిలేసింది. ఆడుతూనే ఉంది, వాంతి లేదు, చూసేవాళ్ళకి అసలు జబ్బే లేదు. 103.6. అమ్మ టీ కూడా తాగలేదు. ఎనిమిదిన్నరకి క్లినిక్ షట్టర్ ముందున్నాం.

ఇక్కడ నాకు టెన్షన్ పెట్టిన సంగతొకటి. స్ట్రిప్‌లో ఒక్క గీతే వచ్చింది. అంటే జబ్బు లేదని. నేను దండం పెట్టేసుకున్నా. డాక్టరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపి, మొదట్లో మలంలో వైరస్ సరిపడా ఉండక ఇలా తప్పు చూపిస్తుందని, రక్తం అబద్ధం చెప్పదని, మళ్ళీ ల్యాబ్‌కి పంపారు. తెల్ల కణాలు 2,400. ఆ పూటే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టారు. స్ట్రిప్ నమ్మి ఇంటికి వచ్చేసుంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా నాకిష్టం లేదు.

చిక్కుడుకాయంత కాలు, దానికి పసుపు రంగు సూది, చుట్టూ ప్లాస్టర్. చిన్నపిల్లలకి పెట్టే సన్న చుక్కల సెట్టు తగిలించి నిమిషానికి ఎనిమిది చుక్కలు పడేలా పెట్టారు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందట, అందుకని చక్రం ముట్టుకోవద్దన్నారు గానీ, ఫోన్‌లో గడియారం పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టడం నా పని. బి విటమిన్ కలిపితే సెలైన్ లేత పసుపు రంగుకి మారుతుంది. ఆ రంగు చూస్తూ ఏడు రోజులు కూర్చున్నాను, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా. ఆఫీసులో జీతం కోతతో సెలవిచ్చారు.

16 ఆదివారం. సగం పూటే క్లినిక్, అయినా డాక్టరమ్మ మా కోసం ఉండిపోయారు. తెల్ల కణాలు 900. ఇంటి దగ్గర రాత్రికి చర్మం కింద సెలైన్ ఎక్కించడం నాకు నేర్పారు. భుజాల మధ్య తోలు గుడారంలా పైకి లాగి, ఆ ఖాళీలోకి సూది. నా చెయ్యి వణికి మొదటిసారి తోలు అవతలి నుంచి బయటికి వచ్చేసింది, జున్ను వీపంతా తడిసింది. రెండోసారి సరిగ్గా పడింది. తెల్లారి చూస్తే ఆ నీళ్ళ ఉబ్బు ముందుకాలి దగ్గరికి జారి వేలాడుతోంది, గడ్డ లేచిందని హడలిపోయి ఫోన్ చేశాను. అది మామూలే, మెల్లగా ఒంట్లోకి ఇంకిపోతుందన్నారు. ఎవరూ ముందు చెప్పరు, అందుకే రాస్తున్నా.

ఇల్లంతా మూడుసార్లు ఫినాయిల్‌తో కడిగానని ఆ రోజే గొప్పగా చెప్పాను. "ఫినాయిల్‌కి ఇది చావదమ్మా, పైగా ఫినాయిల్ పిల్లులకి మంచిది కాదు" అన్నారు. డెటాల్‌కి, శానిటైజర్‌కి కూడా చావదు. గదిలో ఏడాది దాకా బతికుంటుందట. బ్లీచ్ ఒక్కటే మన చేతిలో ఉన్నది. ముందు సబ్బునీళ్ళతో మురికి పోయేలా కడగాలి, తర్వాత లీటరు నీళ్ళలో 30 మిల్లీలీటర్ల మామూలు లిక్విడ్ బ్లీచ్ కలిపి, నేల పది నిమిషాలు తడిగానే ఉంచి, ఆ తర్వాత మంచినీళ్ళతో కడిగెయ్యాలి. పిల్లిని ఆ గదిలోకి ఆరాకే రానివ్వాలి. బ్లీచ్ పట్టనివి, అంటే గోనెపట్టా, అట్టపెట్టె, దూది పరుపు, అన్నీ కాల్చేశాం. చెప్పులు కూడా. కింద ఆంటీ మనవడికి అంటుతుందేమోనని భయపడ్డారు. మనుషులకి రాదు. కానీ మన చేతుల మీద, చెప్పుల కింద ఇంకో పిల్లి దగ్గరికి పోతుంది.

17వ తేదీ అన్నిటికంటే చెడ్డది. పదకొండు వాంతులు, లెక్కపెట్టాను. మధ్యాహ్నం నీళ్ళ గిన్నె మీద గడ్డం ఆనించి కూర్చుంది, అచ్చం మిరియంలాగే. నేను క్లినిక్ బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. షుగర్ పడిపోతే గ్లూకోజ్ ఇచ్చారు. ఆ రాత్రి గంటకోసారి సీసాల్లో వేడినీళ్ళు మార్చాం, అమ్మ పన్నెండు నుంచి మూడు, నేను మూడు నుంచి ఆరు. 18న వాంతులు రెండే. ఉడికించిన చికెన్ మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి, సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి ఒక్కో మిల్లీలీటరు. వాంతి ఆగితే కడుపు ఖాళీగా ఉంచకూడదట, పేగు త్వరగా మానాలంటే లోపల కొంచెమైనా తిండి పడాలట.

19వ తేదీ సాయంత్రం అమ్మకి ఏం తోచిందో, ఎండు మెత్తళ్ళు నాలుగుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి ఉడకబెట్టింది. సందంతా వాసన. పెట్టెలోంచి ముక్కు కదిలింది. అమ్మ వేలు ముంచి మూతి దగ్గర పెడితే గరుకు నాలుకతో ఒకసారి నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది. "తింటోందే" అని అమ్మ అరిచిన అరుపుకి కింద ఆంటీ పరిగెత్తుకొచ్చారు. ఆ రోజు పొద్దున తీసిన రక్తం రిపోర్టు ఫోన్‌కి అప్పుడే వచ్చింది, 4,800. 21న 12,600. మధ్యాహ్నం క్యాన్యులా తీసేశారు. ఆ కాలి మీద వెంట్రుకలు గొరిగిన చోట గులాబీ రంగు చర్మం, చిటికెన వేలి గోరంత.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మిరియానికి రెండు క్లినిక్‌లూ, పరీక్షలూ కలిపి 3,900. జున్నుకి ఏడు రోజుల వైద్యం 8,750, నాలుగు రక్త పరీక్షలు 1,200. ఆటోలు 2,700. బ్లీచూ అవీ ఇవీ ఓ 600. మొత్తం పదిహేడు వేలు దాటింది, నా జీతం ఇరవై రెండు. ఆ నెల చిట్టీ కట్టలేదు. టీకా ఒక్క డోసు ఇక్కడ 900. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. నట్టల మందు కోసం టీకా వెనక్కి జరపమంటే ఎందుకని అడగండి, నేను అడగలేదు. తీసుకొచ్చిన వారంలోనే వేసుంటే ఏమయ్యేదో ఇప్పుడెవరూ చెప్పలేరు, కానీ ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

కోలుకున్న పిల్లి కూడా ఆరు వారాల దాకా వైరస్‌ని బయటికి వదులుతూ ఉండొచ్చట. అందుకని ఏప్రిల్ మొదటి వారం దాకా జున్నుని బయట తిరగనివ్వలేదు, దాని మలం బ్లీచ్ పోసి కట్టిన కవర్లో పడేశాం. మేడ మీద అన్నానికొచ్చే నాలుగు పిల్లుల్లో రెండింటిని పట్టుకుని టీకా వేయించగలిగాను. మిగతా రెండూ ఇంకా దొరకలేదు. ఇస్త్రీ ఆయన కొత్తగా ఇంకో పిల్లను చూపించాడు. టీకాలు పూర్తయ్యేదాకా మా ఇంటికి తేలేనని చెప్పాను, అతనే ఉంచుకున్నాడు, మొదటి డోసుకి డబ్బులు నేనిచ్చాను. జున్నుకి ఈ జబ్బు మళ్ళీ రావడం దాదాపు ఉండదట. అయినా జలుబు జబ్బులు రెండున్నాయి కదా, వాటితో కలిపి వేసే టీకా మార్చి 22న, రేబీస్ ఏప్రిల్ 12న వేయించాం.

ఇప్పుడు జున్ను కిలో తొమ్మిది వందలు. గోడెక్కుతోంది, కర్టెన్లు చింపుతోంది, అమ్మ ఏమీ అనడం లేదు. నీళ్ళ గిన్నె దగ్గరికి వెళ్ళి తల వంచిందంటే మాత్రం ఇంట్లో ఇద్దరం చేస్తున్న పని ఆపేస్తాం. నాలుకతో నీళ్ళు తాగే చప్పుడు వినపడ్డాకే అమ్మ మళ్ళీ కూర కలుపుతుంది.